ఐదో లెవెల్ నుంచి పైకి

గోదావరిఖని పక్కన ఒక పాత బొగ్గుబాయి. అందులో ల్యాంపు రూము గుమస్తా నర్సింగం. దిగే ప్రతి మనిషికీ నెత్తిలైటు ఇచ్చి, నంబరు రాసుకొని, పైకొచ్చాక వెనక్కి తీసుకోవడం ఆయన పని. ముప్పై ఏళ్లలో ఆయన రిజిస్టరు ఒక్కరోజూ తప్పలేదు.

2011 వానాకాలంలో ఆయన బల్ల మీదికి కంప్యూటరు వచ్చింది. దాన్ని తెచ్చిన కుర్రాడు ఉజైర్ గోదావరిఖనిలోనే పుట్టిపెరిగినవాడు. లైట్లకు బిళ్లలు అతికించాడు. బాయిలో ఒకదాని కింద ఒకటిగా ఉన్న ఐదు లెవెళ్లకూ ఆ బిళ్లల్ని పసిగట్టే ఐదు పెట్టెలు బిగించాడు. ఇక ఎవరు ఎక్కడున్నారో తెర మీద పడుతుంది.

"కాకా, ఇది ఇంకా బీటా," అన్నాడు.

"అంటే ఏంది బిడ్డా?"

"పూర్తిగ తయారు కాలే. వాడి చూస్తున్నం, గంతే. మధ్యల ఆగిపోతది. ఉన్నోన్ని లేడంటది, లేనోన్ని ఉన్నడంటది. రిజిస్టరు మాత్రం ఆపకు. దీన్ని నమ్మి ఎవల పానం మీదికీ తేవద్దు. తప్పొచ్చినప్పుడల్లా రాసిపెట్టు, నేను సరిచేస్త."

అన్నట్టే అయింది. మొదటి వారం రెండుసార్లు ఆగిపోయింది. ఒకే మనిషిని రెండు చోట్ల చూపింది. నర్సింగం నవ్వుకుంటూ అన్నీ రాసిపెట్టాడు.

సోమవారం షిఫ్టు ముగిశాక లైట్లన్నీ వచ్చేశాయి. తెర మాత్రం 'లోపల ఒకరు' అంది. ఐదో లెవెల్. లైటు నంబరు 417. ఆ బాయిలో ఉన్నవే మూడువందల ఎనభై లైట్లు.

"బీటా కాకా," అని ఉజైర్ తుడిపేశాడు.

మంగళవారం మళ్లీ వచ్చింది. నాలుగో లెవెల్. బుధవారం మూడు. ఏ వింతనైనా ఆ ఒక్క మాట కింద తోసెయ్యడం అప్పటికి నర్సింగానికీ అలవాటైపోయింది.

గురువారం రెండో లెవెల్ అని పడగానే, ఆ పెట్టెలోనే లోపముందేమో చూడటానికి ఉజైర్ దిగాడు. లోపలి పని చూసే ఓవర్‌మన్ సదానందం వెంట వెళ్లాడు. పైన మిట్టమధ్యాహ్నం. తడిసిన బొగ్గు వాసన ల్యాంపు రూము దాకా కొడుతోంది. కాసేపటికి సదానందం ఒక్కడే పైకొచ్చాడు.

"వైరు తెగింది, వేరేది కావాలన్నడు," అంటూ వైరు చుట్ట తీసి భుజానేసుకున్నాడు.

అప్పుడే బాయి ఫోను మోగింది.

"కాకా, వైరు అవసరం లేదు. దొరికింది." ఉజైర్ గొంతు వెనక నీళ్లు కారుతున్న చప్పుడు. "సదానందమన్న కూడ వచ్చిండు. లైటు కనబడుతుంది."

నర్సింగం సదానందం వంక చూశాడు. ఎదురుగానే ఉన్నాడు.

"ఎటు దిక్కు నుంచి బిడ్డా?" గొంతు తగ్గించి అడిగాడు.

"కింది నుంచి..."

"ఉజైర్... లైటు దిక్కు చూడకు. పైకి రా. జల్ది రా."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది. ఎవరో దగ్గారు. ముసలి దగ్గు. ఊపిరితిత్తుల్లో బొగ్గు నిండినవాళ్ల దగ్గు...

ఫోను కట్టయింది.

తెర మీద ఉజైర్ లైటు నంబరు, 417 ఒకదాని మీదొకటి చేరాయి. తర్వాత ఒక్కటే మిగిలింది. తర్వాత 'లోపల ఎవరూ లేరు' అంది.

సదానందం పరుగెత్తేలోపే ఉజైర్ నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఒంటి మీద గీత లేదు. లైటు బల్ల మీద పెట్టాడు. వానలో తడుస్తూ ఇంటి దారి పట్టాడు. పిల్లాడు క్షేమం, అదే చాలనుకున్నాడు నర్సింగం. ఆ రోజు తప్పుల కాగితంలో ఏమీ రాయలేదు.

తెల్లారి ల్యాంపు రూముకు ఫోను వచ్చింది. ఉజైర్ తల్లి షహజాదీ బేగం.

"భాయ్, నిన్న బాయిల ఏమైంది?" గుసగుసగా అడిగింది. "నా కొడుకుకు ఉర్దూ ఒక్క ముక్క అర్థమైతలేదు. అంత తెలుగే మాట్లాడుతుండు, ముసలోని లెక్క. పొద్దటి సంది పొయ్యి ముంగట కూసొని బువ్వ పెట్టమంటుండు..."

ఆమె గొంతు ఇంకా తగ్గించింది.

"భాయ్... పూలమ్మ ఎవరు? నన్ను పూలమ్మా అని పిలుస్తుండు."