పక్కనున్నవాడు

"పిల్లల గదిలోకి ఆఖరిసారి ఎప్పుడెళ్ళావు?" అని అడిగింది శోధకురాలు కాదంబరి.

"గుర్తులేదండీ. ఎనిమిదో క్లాసులో అనుకుంటాను," అంది ఆ అమ్మాయి గోడకేసి చూస్తూ.

"మొన్న నీ పుట్టినరోజుకి కూడా వెళ్ళలేదా?"

"లేదండీ. నా గదిలోనే కేక్ తిన్నాను."

తల్లి మురిసిపోయింది. ఆమె సాకుడిల్లు నడుపుతోంది. పక్క గదిలో ఐదుగురు పసివాళ్ళు ఆడుకుంటున్నారు. వాళ్ళకీ తన కూతురికీ మధ్య రెండు తలుపులు పెట్టించింది. "ఎంత గోల చేసినా తొంగి కూడా చూడదండీ," అని గొప్పగా చెప్పుకుంది. కాదంబరి చెవిలో శోధన యంత్రం తుల పలికింది: సామీప్యం శూన్యం, ఫలితం తేట. కాదంబరి తన ముంజేతి బిళ్ళను పలకకు ఆనించి ధ్రువీకరించింది. ఆ అమ్మాయి ఇంకో ఏడాది తన ఇంట్లో తను ఉండొచ్చు. ఇలాంటి పిల్లల్ని చూసి సంతోషించాలని శిక్షణలో చెప్పారు గానీ, లిఫ్టులో దిగుతున్నంతసేపూ కాదంబరికి మనసు మనసులో లేదు.

గాజువాక ఎత్తుమేడల్లో అంతస్తుకో సాకుడిల్లు ఉంది. సముద్రం మీద అలలతో విద్యుత్ తీసే వేదికలకు పనికి పోయే తల్లిదండ్రులు పసివాళ్ళను అక్కడ దింపి వెళ్తారు. ఆ ఇళ్ళలో పదహారు నిండినవాళ్ళు ఎవరున్నా ఏటా శోధన జరగాల్సిందే. ఒకప్పుడు పోలీసు కేసులున్నాయా లేవా అని మాత్రం చూసేవారట. పదహారేళ్ళవాళ్ళ మీద కేసులేముంటాయి? అందుకని తుల వచ్చింది. పసివాళ్ళ కాలికి పట్టీ, మిగతా అందరి ముంజేతికీ బిళ్ళ. పసిగుండె బెదిరినప్పుడల్లా చేతికందే దూరంలో ఎవరి బిళ్ళ ఉంటే వాళ్ళ పేరిట ఆ బెదురు పడుతుంది. సాకే మనిషికి మాత్రం మినహాయింపు, ఆమె దగ్గర లేకపోతే పిల్లల్ని చూసేదెవరు? పట్టీ బుల్లిది, ఛార్జి నిలవదు. అందుకని కొన్ని నిమిషాల సమాచారం మూటకట్టి ఒక్కసారి పంపుతుంది. పిల్ల ముందు ఏడ్చిందా, మనిషి ముందు వచ్చాడా అన్న సంగతి ఆ మూటలో ఉండదు. ఇద్దరూ ఒకచోట ఉన్నారన్నదే ఉంటుంది.

బెదురు పరిమితి దాటకపోతే తేట, దాటితే మసక. మసక పడ్డవాళ్ళు పసివాళ్ళున్న ఏ ఇంటి గడపా తొక్కకూడదు. పదహారేళ్ళవాళ్ళయితే విడివసతికి పోవాలి, లేదా సాకుడిల్లు మూతపడాలి. విడివసతికి వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి కాదంబరి ఇంతవరకు చూడలేదు. అలాగని తులను తిట్టిపోయడానికీ లేదు. పసివాళ్ళను హింసించిన దుర్మార్గుల్ని కొందరిని అది నిజంగానే పట్టించింది. అందుకే దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు.

రెండో ఇల్లు నూకాలుది. తలుపు తీస్తూనే ఆమె కాదంబరి చేతులు పట్టుకుంది. "మేడమ్ గారూ, మా గుంటడికి మసకెలగొచ్చిందో నాకు తెలట్లేదండి. ఆడు సీమక్కూడా అపకారం సెయ్యడు."

గుంటడంటే ఆమె అక్క కొడుకు పైడిరాజు. తల్లీ తండ్రీ పనిచేసే వేదిక తుపానులో మునిగిపోయాక, చిన్నప్పుడే ఈ ఇంటికి వచ్చాడు. మొన్ననే పదహారు నిండాయి. సన్నగా, పొడుగ్గా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆ మేడ మొత్తం మీద వాడి పేరిట ఉన్నంత బెదురు ఇంకెవరి పేరిటా లేదు. అదీ దాదాపు అంతా ఒక్క పిల్ల దగ్గరే, కుందన అనే ఏడాది పిల్ల.

"ఆ పిల్ల పక్కనే ఎప్పుడూ ఎందుకుంటావు?" అంది కాదంబరి.

"ఏడిస్తే ఎల్తానండి."

"మీ పిన్ని ఉంది కదా?"

"పిన్నికి మోకాళ్ళ నొప్పులండి. లేచీసరికి ఆలస్యమైపోద్ది. కుందన ఏడస్తా ఏడస్తా ఊపిరి బిగబట్టీసుద్దండి. నీలంగా అయిపోద్ది."

కాదంబరికి నమ్మాలనే అనిపించింది. కానీ ఇదే పనిలో అంత అమాయకంగా కనిపించిన మొహాల్ని నమ్మి రెండుమూడుసార్లు మోసపోయింది. ఆ పిల్లల ఒంటి మీది మచ్చలు ఆమె ఇంకా మరిచిపోలేదు. వాడి మాట నిజమా అబద్ధమా అన్నది తేల్చడానికి మిగిలింది ఎదుటి పరీక్ష ఒక్కటే.

ఎదుటి పరీక్షలో కుర్రాడు అరగంటసేపు పిల్లల గదిలో ఉండాలి. సాకే మనిషి వంటింట్లో ఉండి తలుపు వేసుకోవాలి. శోధకురాలు గుమ్మం దగ్గరున్న గీత దాటకూడదు. వాడి దగ్గర బెదురు పోగవకపోతే పాతదంతా కొట్టేస్తారు. పోగైతే విడివసతికి తీసుకుపోయే బండి కింద ఎలాగూ సిద్ధంగా ఉంది.

నూకాలు వాణ్ణి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. "ఏటైనా అవనీ, నువ్వు కదలకు. ఇన్నావా?" అని గడ్డం పట్టుకుని చెప్పింది. వాడు తలూపాడు. ఆమె వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. కుందన బల్ల పట్టుకుని నిలబడటం, చతికిలబడటం, మళ్ళీ లేవడం. ఇంకాసేపు ఇలాగే గడిస్తే వీడు బతికిపోతాడని కాదంబరి అనుకుంటుండగానే పిల్ల కాలు జారి, నుదురు బల్ల అంచుకు కొట్టుకుంది. గుక్కపట్టి ఏడ్చింది. ఏడుస్తూ పైడిరాజు వైపు చేతులు చాచింది.

వాడు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, మొహం గోడకు తిప్పుకున్నాడు.

"కదలకురా పైడీ," అని వంటింట్లోంచి అరిచింది నూకాలు. పిల్ల ఏడుపు వింటూ ఆ మాట అనడానికి ఆ మనిషి ఎంత కుమిలిపోయిందో ఏ పట్టీకీ అందదు.

ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. పిల్ల నోరు తెరిచే ఉంది గానీ శబ్దం లేదు. పెదాలు నల్లబడ్డాయి.

"మేడమ్, ఊపిరి తియ్యట్లేదండి," అన్నాడు పైడిరాజు. "నన్నెల్లమంటారా? ఎల్లమంటే ఎల్లిపోతానండి."

వెళ్ళమంటే వాడు నిజంగానే వెళ్తాడు, ఆ తర్వాత బండిలోకీ వెళ్తాడు. కాదంబరి వెళితే ఆమెకూ తప్పదు. శోధకులకైతే పరిమితి దాటనక్కర్లేదు, ఒక్క పెద్ద బెదురు చాలు మసకకు. ఆమె ఉండేది తమ్ముడి ఇంట్లో, తమ్ముడికి పాలు తాగే కొడుకున్నాడు. ఆ ఇంటి తలుపు ఆమెకు తెరుచుకోదు. తీరిగ్గా ఆలోచించుకునే వీలుంటే ఆమె గీత దాటేది కాదేమో. దాటింది. పిల్లను ఎత్తుకుంది. ఏం చెయ్యాలో మాత్రం ఆమెకు తెలియదు.

"మొహమ్మీద ఊదండి," అన్నాడు పైడిరాజు, కూర్చున్నచోటు నుంచే. "గట్టిగా. ఇంకోసారి. పక్కకి తిప్పి పట్టుకోండి. భయపడకండి, వచ్చేస్తాది."

ఆమె ఊదింది. మళ్ళీ ఊదింది. మూడోసారికి పిల్ల ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి ఊపిరి లాక్కుని, మేడ దద్దరిల్లేలా ఏడ్చింది. కాదంబరికి కళ్ళనీళ్ళు తిరిగాయి. వాడు చెప్పింది ప్రతి అక్షరం నిజం. కుందన ఆమె చంకలోంచి పైడిరాజు మీదికి ఒరిగిపోతోంది. వాడు అడుగుతున్నట్టు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

బిళ్ళ అదిరింది. "శోధకురాలి దగ్గర తీవ్రమైన బెదురు నమోదైంది," అంది తుల ఆమె చెవిలో. "ఇది పొరపాటు కావచ్చు. పొరపాటైతే గదిలో ఉన్న మరో బిళ్ళకు మార్చగలను. మార్చమంటారా?"

గదిలో ఉన్న మరో బిళ్ళ ఒక్కటే. శోధకుల సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది. ఎంత మర్యాదగా అడుగుతోందో. ఎంతమంది శోధకులు ఈ మర్యాదను కాదనలేక ఎంతమంది పిల్లల్ని బండెక్కించారో. ఆమెకు ఒళ్ళు మండింది.

"వద్దు. నాదే."

"మార్చమంటారా?"

"వద్దన్నాను కదా. ఎత్తుకున్నది నేను. నా పేరే ఉంచు."

గడువు ముగిసేదాకా కాదంబరి పిల్లను ఎత్తుకుని గదిలో తిరుగుతూనే ఉంది. గడువు ముగిశాక తుల ఫలితం చెప్పింది. పైడిరాజు తేట. శోధకురాలు మసక. మసక శోధకురాలి ధ్రువీకరణ చెల్లదు కాబట్టి ఈ తేట అనిశ్చితం. ఆమె ఇదివరకు ధ్రువీకరించిన ఇళ్ళన్నీ అనిశ్చితం. నిర్ణయం వచ్చేవరకు ఏ ఇంట్లోంచీ ఎవరినీ తరలించకూడదు.

వంటింటి తలుపు తెరుచుకుంది. నూకాలు కుంటుకుంటూ వచ్చి కుందనను లాక్కున్నంత పనిచేసి, నుదురు నిమిరి, ఛాతీ మీద చెవి పెట్టి విన్నది. అప్పుడు ఆమె చూపు కాదంబరి బిళ్ళ మీద పడింది. తెల్లటి బిళ్ళ బూడిద రంగుకు తిరిగింది. నూకాలు మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, మసకున్నోలు లోపలుంటే నా ఇల్లు మూసీస్తారు," అంది ఏడుస్తూ. "నా గుంటడికోసం సేసినావు. నిన్ను బయటికి పొమ్మని ఏ నోటితో సెప్పనే తల్లీ?"

"చెప్పక్కర్లేదు. వెళ్తున్నాను."

పైడిరాజు గుమ్మందాకా వచ్చాడు. "మీరిప్పుడు ఎక్కడికెల్తారండి?"

"తెలీదు," అంది కాదంబరి. "నువ్వు లోపలికి పో."

లిఫ్టు ఆమె బిళ్ళను ఒప్పుకోలేదు. మెట్ల మీద దిగడం మొదలుపెట్టింది. "పునఃశోధన జరగాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి," అంది తుల. "శోధకులు సరిపోరు. ఎలా కొనసాగాలో సూచించండి." ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది ఆమెను సలహా అడగడం ఇదే మొదలు. తుల అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.

పైన కుందన మళ్ళీ ఏడుపు అందుకుంది. కాదంబరి మెట్టు మీద ఆగిపోయింది. ఆ పిల్ల కాలికి పట్టీ ఉంది, వాడి చేతికి బిళ్ళ ఉంది, వచ్చే ఏడు మళ్ళీ శోధన ఉంటుంది. అదంతా వాడికి ఇప్పుడు బాగా తెలుసు. గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నది. కాసేపు ఏడుపు ఒక్కటే వినిపించింది. ఆ తర్వాత నేల మీద అడుగుల చప్పుడు, నూకాలువి కావు, పరుగెత్తే కుర్రాడివి.