పిలిస్తే వచ్చినందుకు

"ఇది పరుపేనా అండీ, లేక పరుపుకి పోస్టుమార్టమా?"

ఆ మాటకి మొహిద్దీన్ బాషా తలెత్తాడు. షాపు గుమ్మంలో గొడుగు ముడుస్తూ ఒకమ్మాయి నిలబడి ఉంది. అతని కాళ్ళ దగ్గర నిన్ననే కుట్టిన పెళ్ళి పరుపు పొట్ట చీలి పడుంది. ఫ్యాను రెక్కల మీద దూది, క్యాలెండరు మీద దూది, అతని మీసాల మీద కూడా దూదే.

"ఇది మాదేనా?" అంది.

"మీదేనండి. మీ అక్కయ్య పెళ్ళికని బుడాన్ గారు రెండు చెప్పారు కదా. రెండోది బాగానే ఉంది" అని, వెనక్కి ఒకసారి చూసి, "ఉన్నట్టుంది" అన్నాడు.

చిలకలూరిపేటలో మూడు తరాలుగా దూది ఏకి పరుపులు కుడుతున్న ఇల్లు వాళ్ళది. తండ్రి పోయాక ఇరవయ్యో ఏట షాపు చేతికొచ్చింది. ఈ అయిదేళ్ళలో ఎవరి చేతా మాట పడలేదు. ఇప్పుడు పెళ్ళివారి పరుపు, అదీ చూడచక్కని అమ్మాయి ముందు ఇలా పరువు తీసింది. అక్కడికక్కడే సిగ్గుతో చచ్చిపోయాడు.

నేరస్థుడు దూదేకే మిషను కింద దాక్కున్నాడు. పేరు సీజర్. జాతి మాత్రం పేట బస్టాండు.

"సీజర్! రా! దా! కమ్! కమాన్! ఒరేయ్, ఇటు రారా, చెప్తా నీ సంగతి!"

"అంతమందిని పిలుస్తున్నారేంటండీ, ఉంది ఒక్క కుక్కే కదా?" అని నవ్వింది.

ఆ నవ్వుకి బాషాకి ఇంకా రోషం వచ్చింది. మళ్ళీ అరిచాడు. కాసేపటికి సీజర్ పొట్ట నేలకి రాసుకుంటూ, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, వచ్చింది. వచ్చీ రాగానే దూది చదును చేసే బెత్తంతో వీపు మీద ఒక్కటిచ్చాడు. కుయ్యోమంటూ మళ్ళీ మిషను కింద దూరింది.

అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.

"ఎందుకు కొట్టారు?"

"పరుపు చింపిందండీ!"

"ఎప్పుడు?"

"పొద్దున. నేను టీకి వెళ్ళినప్పుడు."

"అది పొద్దుటి సంగతి. ఇప్పుడు అది చేసిందేంటి? మీరు పిలిస్తే వచ్చింది. పిలిస్తే వచ్చినందుకు కొట్టారనే కదా దానికి అర్థమయ్యేది?"

బాషా బెత్తం ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు.

"నేను విద్యా వాలంటీర్ని. ఒకటో తరగతి చెప్తాను" అంది ఆ అమ్మాయి, గొంతు తగ్గించి. "మొదటేడు ఒక పిల్ల పదిరోజులు బడి ఎగ్గొట్టి పదకొండో రోజు తనంతట తను వచ్చింది. ఇప్పుడు గుర్తొచ్చిందా బడి అని గోడకుర్చీ వేయించాను. మర్నాటి నుంచి రాలేదు. వాళ్ళమ్మతో మిరపకోతకి వెళ్తోంది. నేను కనపడితే పక్క గట్టు మీదకి తప్పుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుంటుంది."

ఆమె పేరు సాజిదా. సున్నం వ్యాపారం చేసే బుడాన్ గారి రెండో కూతురు. చింపిన పరుపు మళ్ళీ కుట్టడానికి పదిరోజులు గడువిచ్చింది. బడి వదిలాక రోజూ ఇటే వెళ్తూ పరుపు ఎంతవరకు వచ్చిందో చూస్తానంది.

"కుక్కని కూడా" అని, గుమ్మం దిగింది.

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఎవరికి అంటే చెప్పడం కష్టం.

"ఒక్క మాట పెట్టుకోండి. 'దా'. అంతే. ఒక్కసారే అనండి."

"దా" అన్నాడు బాషా, చేతిలో రొట్టెముక్క పట్టుకుని.

నీ మాట నమ్మేదాన్ని కాదు పో, అన్నట్టు చూసింది సీజర్.

"రాలేదండి."

"మీరు కొట్టింది ఒక్కసారా?"

బాషా తల దించుకున్నాడు. ఒక్కసారి కాదని ఆమెకెలా తెలుసో!

మూడు రోజులు రొట్టెముక్కలు ఎండిపోయాయి. వెనకింట్లోంచి తల్లి కరీమున్ సణిగింది. "కుక్క తోక వంకరని ఊరికే అన్నారా! నా రొట్టెలన్నీ దాని పాలు." నాలుగోరోజు సీజర్ రెండడుగులు వేసింది. అయిదోరోజు ముక్క అందుకుని పారిపోయింది.

"శభాష్ అనండి!" అంది సాజిదా.

"కుక్కనా?"

"కొట్టడానికి లేని సిగ్గు మెచ్చుకోవడానికి ఎందుకండీ?"

"శభాష్" అన్నాడు, రోడ్డు మీద ఎవరైనా విన్నారేమోనని చూసుకుంటూ. ఎదురుగా ఎస్టీడీ బూతులోంచి అంకమ్మరావు వినేశాడు. "ఎవర్నిరా బాషా, కుక్కనా టీచర్నా?" అని అరిచాడు కూడా. సాజిదా గొడుగు అడ్డం పెట్టుకుంది గాని, గొడుగు వెనక నవ్వుతోందని బాషాకి తెలుసు.

"ఇంకోటి" అంది ఆమె ఆ రోజు వెళ్తూ. "ఎప్పుడైనా తిట్టాలనిపిస్తే మీరే దాని దగ్గరికి నడిచి వెళ్ళండి. వెళ్ళేలోపు సగం కోపం పోతుంది. పిలిచి మాత్రం తిట్టకండి."

ఏడోరోజు పరుపు రోడ్డు పక్కన ఎండలో ఉండగా వాన పట్టుకుంది. ఇద్దరూ చెరో కొస పట్టుకుని లోపలికి లాగారు. సీజర్ సాయం చేస్తున్నాననుకుని మూడో కొస పళ్ళతో పట్టుకుంది. బాషా నోటిదాకా కేక వచ్చింది. మింగేసి, పరుపు దించి, "దా" అన్నాడు మెల్లగా. సీజర్ కొస వదిలి, తోక ఊపుకుంటూ వచ్చి అతని మోకాలికి తల ఆనించింది. తడిసిన జుట్టుతో సాజిదా అతన్ని చూసింది. ఆ చూపుకి శభాష్ అనే అర్థమనుకున్నాడు. అంతకంటే ఎక్కువే అనుకున్నాడు ఆ తర్వాత.

అక్కయ్య పెళ్ళి అయిపోయింది. అయినా సాజిదా రావడం మానలేదు. ఒకసారి దిండ్లు, ఒకసారి బొంత.

"ఒక ఇంటికి ఎన్ని దిండ్లు కావాలండీ?" అన్నాడు ఒకరోజు.

"చెప్పాల్సిన మాట చెప్పేవాళ్ళకి తొందరేం లేకపోతే చాలానే పడతాయి" అంది.

ఆ మాట అతనికి రెండురోజులు నిద్ర పట్టనివ్వలేదు. కుక్కకి ఒక్కమాటలో చెప్పడం నేర్చుకున్న మనిషి, ఈమె ముందు మాత్రం దూది ధర గురించి, మిషను బెల్టు గురించి మాట్లాడేవాడు. చివరికి బుధవారం నాడు ధైర్యం చేశాడు.

"శనివారం ఒకసారి వస్తారా? ఒక మాట చెప్పాలి."

"ఇప్పుడు చెప్పకూడదా?"

"శనివారం" అన్నాడు, చెవులు ఎర్రబడుతుంటే.

"వస్తాను."

శుక్రవారం నమాజుకి వెళ్ళొస్తుంటే అంకమ్మరావు బూతులోంచి పిలిచాడు. "ఏరా, మీ టీచరమ్మని ఒంగోలు వాళ్ళు నిన్న చూసుకెళ్ళారంట. ఖాయమైపోయినట్టేనంట!"

నిజమా కాదా అని ఆమెని అడిగితే పోయేది. అడగలేదు. రోజంతా దబ్బనంతో వేళ్ళు పొడుచుకుంటూ, తనలో తను కుళ్ళిపోయాడు. సంబంధాలు చూస్తూ నాతో నవ్వులేంటి అనుకున్నాడు. నన్ను ఆటపట్టించిందనుకున్నాడు.

శనివారం షాపులో ఇద్దరు బేరగాళ్ళున్నారు. యడ్లపాడు నుంచి జయరావు అనే రైతు, గణపవరం నుంచి ఒక ముసలమ్మ. తల్లి గల్లా దగ్గర ఉంది. అంకమ్మరావు చిల్లరకని వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే సాజిదా వచ్చింది. ఎప్పుడూ కట్టని కొత్త చీర కట్టుకుని, గుమ్మంలో కాస్త ఆగి, "రమ్మన్నారు కదా" అంది.

"ఎందుకొచ్చారు?" అన్నాడు బాషా. గొంతు అతనిది కాదన్నట్టే ఉంది. "పెళ్ళి కుదిరిన ఆడపిల్ల పరాయి మగాడి షాపు చుట్టూ తిరగడమేంటండీ? మీ నాన్నగారికి తెలుసా ఈ రాకపోకలు? దిండ్లు లేవు, ఏం లేవు. ఇంకెప్పుడూ రాకండి!"

మిషను కూడా ఆగిపోయి ఉంది.

సాజిదా ఏడవలేదు. "మీరే రమ్మన్నారు" అంది, అతనికి మాత్రమే వినపడేట్టు. చినుకు లేకపోయినా గొడుగు తెరిచి, ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

సీజర్ ఆమె వెనకే గుమ్మందాకా వెళ్ళి, తిరిగి అతన్ని చూసి, మిషను కింద దూరింది. దానికి ఆ గొంతు గుర్తుంది. వచ్చిన మనిషిని కొట్టాను, అనుకున్నాడు బాషా. బెత్తం కూడా అక్కర్లేకపోయింది.

"ఏం చేశావురా నువ్వు?" అంది కరీమున్.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. ఆ వారమంతా బాషా బుడాన్ గారి వీధి వైపు వెళ్ళకుండా ఊరు చుట్టూ సైకిలు తిప్పాడు. బడి వదిలే వేళకి షట్టరు సగం దించేవాడు. ఆమె ఎదురుపడితే చూపించడానికి అతనికి ముఖం లేదు. ఒకరోజు బూతులో కూర్చుని బుడాన్ గారి పక్కింటి నంబరు సగం నొక్కి పెట్టేశాడు. పిలిచి ఏం చెప్తాడు? మళ్ళీ రమ్మంటాడా? ఏ ముఖంతో?

తనే వెళ్ళాలి. ఆ సంగతి మొదటిరోజే తెలుసు. కాళ్ళకి తెలియడానికి ఆరు రోజులు పట్టింది.

శుక్రవారం నమాజు అయ్యాక వెళ్ళాడు. బుడాన్ గారు అరుగు మీద ఇరుగుపొరుగులిద్దరితో కూర్చుని ఉన్నారు. బాషా చెప్పులు వదిలి, మెట్టు కింద నిలబడ్డాడు.

"సలాం బుడాన్ గారూ. పోయిన శనివారం మీ అమ్మాయిని నేనే షాపుకి రమ్మన్నాను. వచ్చాక నలుగురి ముందు అనరాని మాటలన్నాను. ఆమె ఏ తప్పూ చేయలేదు. తప్పంతా నాది."

బుడాన్ గారు తలుపు వైపు చూశారు. "మా అమ్మాయి నాకేమీ చెప్పలేదే!"

బాషా నలుగురిలో తీసిన పరువుని ఆమె ఇంట్లో నోరు విప్పకుండా కాపాడింది. తన పరువు మాత్రమే కాదు, అతని పరువు కూడా.

"నువ్వు రాకపోతే నాకు తెలిసేదే కాదు. ఎందుకొచ్చి చెప్పావయ్యా?"

"ఆమెకి తెలుసు కదండీ."

తలుపు దగ్గర గాజులు వినిపించాయి. సాజిదా బయటికొచ్చింది.

"నా పెళ్ళి కుదిరిందని ఎవరు చెప్పారు మీకు?"

"అంకమ్మరావు."

"పెళ్ళి నాదైతే అంకమ్మరావు మాట చాలా? నన్ను అడగడానికేం?"

బాషా తను వదిలిన చెప్పుల వైపు చూశాడు.

"గురువారం వాళ్ళు చూసి వెళ్ళారు. శుక్రవారం పొద్దున్నే నేను వద్దన్నాను. మీరేదో మాట చెప్తానన్నారు కదా. అది వినకుండా ఎవరికీ ఔనని చెప్పకూడదనుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే వచ్చాను."

"బి.ఎడ్. చదువుతానని కదమ్మా నాతో అన్నావు?" అన్నారు బుడాన్ గారు.

"చదువుతాను నాన్నా. అదీ నిజమే" అంది, ముఖం ఎర్రబడుతుంటే.

పక్కనున్న పెద్దాయన దగ్గి నవ్వు దాచుకున్నాడు. బాషాకి మాత్రం కళ్ళు మసకబారాయి. వద్దని చెప్పి, కొత్త చీర కట్టుకుని వచ్చిన పిల్లనా తను అలా తరిమింది!

"శనివారం చెప్తానన్న మాటేంటి?" అంది సాజిదా.

"మీరంటే నాకిష్టం. నన్ను చేసుకుంటారా అని అడుగుదామనుకున్నాను."

"నా కోపం ఇంకా పోలేదు."

"పోవాలని అడగడం లేదండి."

బుడాన్ గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు. "ఇష్టం సంగతి మీరూ మీరూ చూసుకున్నారు. మర్యాద సంగతి నేను చూడాలి. నలుగురి ముందు అన్నానన్నావు. ఎవరా నలుగురు?"

చెప్పాడు.

"పెళ్ళిమాట అడగాలనుంటే ఆదివారం ఆ నలుగురినీ వెంటబెట్టుకుని రా. మా అమ్మాయిని ఎవరి ముందు తక్కువ చేశావో వాళ్ళ ముందే అడుగు."

మిగతావాళ్ళ సంగతి సరే, బేరగాళ్ళని ఎక్కడని వెతకడం! శనివారమంతా బాషా సైకిలు తొక్కాడు. యడ్లపాడులో ముగ్గురు జయరావులున్నారు. ముగ్గురికీ తన సిగ్గుమాలిన పని మొదటి నుంచీ చెప్పాల్సొచ్చింది. మూడోవాడే అసలువాడు. గణపవరంలో ముసలమ్మ పేరు కూడా తెలియదు. ఇల్లిల్లూ తిరిగి, "పరుపు కొనడానికి పేటకొచ్చిన పెద్దమ్మ ఎవరండీ?" అని అడిగితే, ఎందుకని ఎదురడిగారు. ప్రతి గుమ్మంలోనూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కొత్తగానే సిగ్గేసింది.

ఆదివారం బుడాన్ గారింటి ముందు ఆటోలోంచి అందరూ దిగారు. కరీమున్ చేతిలో, మాట ఖాయమైతే పంచడానికి తెచ్చిన చక్కెర పొట్లం ఉంది. అంకమ్మరావు, "తెలిసీ తెలియని మాట మోశానమ్మా" అని ముందే చేతులు జోడించాడు. బాషా అందరి మధ్యా నిలబడి, ఆ రోజు ఏమన్నాడో చెప్పి, అది తప్పని చెప్పి, సాజిదాని అడిగాడు.

ముసలమ్మ దారిపొడుగునా అతన్ని తిడుతూనే వచ్చింది. ఇప్పుడు సాజిదాని దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఈ కుర్రాడు మంచోడని నేను చెప్పను, నాకేం తెలుసు? కానీ మా ఊళ్ళో ఇరవై గుమ్మాల్లో తన తప్పు తనే చెప్పుకున్నాడు. నా డెబ్భై ఏళ్ళలో అట్టాంటి మగాణ్ణి చూళ్ళేదు. నీ ఇష్టం మరి."

సాజిదా లోపలికి వెళ్ళింది. కాసేపటికి టీ పళ్ళెంతో వచ్చింది. అందరికీ ఇచ్చి, చివరి గ్లాసుతో అతని ముందు ఆగింది.

"చేసుకుంటాను" అంది. "ఇలా చూడండి ఒకసారి."

ఎనిమిది రోజులుగా దించిన తల. ఎత్తడానికి అతనికి చాలా కష్టమైంది. ఎత్తాడు.