కడవెడు వాన

జలములకు ఏలికవైన వరుణదేవా! ఇసుకకు దప్పికను, మేఘమునకు దయను ఇచ్చినవాడవు నీవే. ఈ కథ చెప్పు నాలుకను తడబడనీయకుము.

వంకరక్షకుడు మద్దిలేటి గట్టు మీద, చినుకు పడితే పసిగట్టే వానకన్నుకు పట్టిన దుమ్మును తుడిచి, మెడలోని పలుకుబిళ్ళను మళ్ళీ నొక్కాడు.

"ఎగువ కొండల్లో కుంభవృష్టి. నీరు వంకలోకి దిగింది," అంది బిళ్ళలోంచి మేఘపీఠం, వానల లెక్క చూసి హెచ్చరిక కొమ్ములు మోగించే యంత్రం. "సంతస్థలంలో వర్షం శూన్యం. హెచ్చరిక నిషిద్ధం."

"నీళ్ళు దిగినాయని నువ్వే అంటివి! కొమ్ము ఊదమంటే నిషిద్ధమంటావా?"

"వాన లేనిచోట కొమ్ము మోగితే జనులు నమ్మరు. ఇది సవరించిన ధర్మం."

ఆ సవరణకు కారణం లేకపోలేదు. కిందటి వేసవిలో కొమ్ము ఊరికే మోగి మందలు చెదిరిపోయాయి. అప్పటినుంచి వానకన్ను తడిస్తేనే కొమ్ము మోగేది. ఈ ఎండుసీమలో వరద నిర్మలాకాశం కిందనే వచ్చి మీదపడుతుందని మద్దిలేటి ఎన్ని విన్నపాలు పంపినా బదులు ఒక్కటే: "పరిశీలనలో ఉంది."

అతడు గట్టు దిగి, ఎండిన వంక నడుమ సాగుతున్న గొర్రెల సంతలోకి పరుగెత్తాడు. అక్క సుంకులమ్మ తువ్వాలు కింద దళారి చేతిని పట్టుకొని వేళ్ళతో ధర చెబుతోంది. బేరం తెగకముందే చెయ్యి విడిచినవారి మందను ఆ దినం మరెవరూ అడగరు. అది సంత కట్టుబాటు.

"అక్కా, లెయ్! నీళ్ళొస్తాండాయి!"

"యాడొస్తాండాయిరా, ఈ నెత్తి పేలిపోయే ఎండలో? పోయినసారి నీ మాటిని ఉరికి పొట్టేలు కాలిరగ్గొట్టుకుంటి. కొమ్ము మోగనీ, లేస్తా."

దళారి నవ్వాడు. "మీ తమ్మునికి ఎండదెబ్బ తగిలిండాది లేమ్మా."

మద్దిలేటి అక్క పక్కనున్న కడవను ఎత్తుకొని గట్టెక్కాడు. ఆమెకూ మందకూ ఆ పూటకు ఉన్న నీరు అదొక్కటే.

"ఓరి నీ పాడుగాను, నా నీళ్ళు!"

కేక వెంబడిస్తుండగానే, అభిషేకం చేసినట్టు, ధార తెగకుండా కడవెడు నీళ్ళనూ వానకన్ను మీద పోశాడు.

"అతివృష్టి," అంది మేఘపీఠం. కొమ్ము మోగింది.

మందలు గట్లెక్కాయి. సుంకులమ్మ తువ్వాలు కింది చెయ్యి విడవకుండానే దళారిని ఈడ్చుకుంటూ ఎక్కింది. వారి మడమల వెనుకనే ఎర్రనీరు ముళ్ళకంపలను దొర్లించుకుంటూ వంకను నింపేసింది.

"ఆకాశం నిర్మలం. వర్షం అతివృష్టి. వరద సత్యం," అంది మేఘపీఠం. "ధర్మం పొసగడం లేదు. వానకన్నును తడిపింది ఎవరు?"

"నేనే. రాసుకో."

"వరద దిగువ సంత వైపు సాగింది. అక్కడా వర్షం శూన్యం," అంది మేఘపీఠం. "రక్షకా, ఏం చేయమంటావు?"

"ఊదు!"

దూరాన, ఎండలో, మరొక కొమ్ము మోగింది.

ఈ కథ విన్నవారి చేలకు వాన వేళకు వచ్చుగాక! వారి గడపలకు వరద చెప్పకుండా రాకుండుగాక!