ఖాళీ తోలు డైరీ

1937 నవంబర్ 14, ఆదివారం. ఉదయం 7:50.

గౌలిపురలో ప్రహ్లాదరావు ఇంటి ముందు ఒక్కసారిగా లొల్లి లేచింది.

"దొంగ! దొంగ! నా హిమాలయాలు పోయినయ్!"

హిమాలయాలు ఎక్కడికీ పోలేదు. పోయినవి మూడు చిన్న పుస్తకాలు.

అవి ఒక తోలు డైరీలోవి. ఆ డైరీ తీరు వేరు. పైన దళసరి తోలు అట్ట, లోపల వెన్ను పొడుగునా మూడు తాళ్ళు, ఒక్కో తాడు కింద ఒక్కో పుస్తకం. నిండిన పుస్తకం లాగేసి కొత్తది దూర్చుకోవచ్చు. అట్ట మాత్రం ఇరవై ఏళ్ళు ఉంటుంది. బయట చుట్టి బిగించడానికి ఒక పట్టా, ఇత్తడి బకిల్. రైల్వే గార్డులు, సర్వే వాళ్ళు అడిగి మరీ చేయించుకునేవారు. చేసేది అదే పేటలోని సీమోను.

ప్రహ్లాదరావు జూన్‌లో డైరీ చేయించుకున్నాడు. బద్రీనాథ్ యాత్ర అన్నాడు. దండలు వేయించుకుని బయల్దేరాడు. అక్టోబర్‌లో తిరిగొచ్చాడు. ఇక చూడాలి ఆయన వైభవం! డైరీ చంకలో పెట్టుకుని రోజూ బజారంతా తిరిగాడు. మంచు అన్నాడు, మునులు అన్నాడు. తెరిచి చూపించమంటే మాత్రం, "సభలో చదువుతా" అన్నాడు. ఆ సభ ఇవాళే, సాయంత్రం నాలుగింటికి. శాలువా సిద్ధంగా ఉంది.

పొద్దున్నే అట్టకు నూనె పట్టించాలని సీమోనును పిలిపించాడు. ఇరవై నిమిషాలు మెట్ల కింద కూర్చోబెట్టాడు. తర్వాత ఖాళీ అట్ట పట్టుకుని కేకలేస్తూ బయటకొచ్చాడు.

8:40కి సీమోను ఠాణా హవాలాత్‌లో, కటకటాల వెనక ఉన్నాడు.

10:05కి అతని భార్య సుందరమ్మ డిటెక్టివ్ సోమశేఖర్ గుమ్మంలో నిలబడింది. సోమశేఖర్ రైల్వే పోలీసులో పదకొండేళ్ళు పనిచేసి, పైవాళ్ళ తెలివితక్కువతనం భరించలేక మానేసిన మనిషి.

"బాపూ, నా మొగన్ని కొడుతున్నరు. రేపు పొద్దుగాల అదాలత్‌కు తోల్తరట. దొంగ అని ఒక్కపారి పేరు పడితే ఇగ మా ఇంటికి పని ఎవరు తెస్తరు?"

"పుస్తకాలు దొరికినయా?"

"ఏడ దొరుకుతయ్? ఎత్తుకపోతెగద!"

సోమశేఖర్ కోటు తొడుక్కున్నాడు.

10:30. ఠాణా.

అమీన్ రామ్‌చందర్ కుర్చీలో వెనక్కి వాలి పాన్ నములుతున్నాడు. ఠాణాకు పెద్ద అతనే. కేసు రెండు గంటల్లో తేల్చేశానని మహా సంబరంగా ఉన్నాడు.

"సీదా కేసు, సోమశేఖర్ సాబ్. వచ్చినోడు వాడొక్కడే. తీసినోడు వాడే."

"సోదా చేసిండ్రా?"

"చేసినం. ఏం లేదు. ఎవనికో అందించి ఉంటడు."

"ఇంట్లకు పోయిండా?"

"వాన్ని ఇంట్లకు ఎవరు రానిస్తరు? మెట్ల కాడ్నే కూసున్నడు."

"మరి లోపలి పుస్తకాలు ఎట్ల తీసిండు?"

అమీన్ నమలడం ఆపాడు. ఒక్క క్షణమే. ఆలోచించడం అతనికి అలవాటు లేని పని. మళ్ళీ నమిలాడు.

"దొంగలకు వంద తొవ్వలుంటయ్ సాబ్."

కేసు సాక్ష్యంగా బల్ల మీద పెట్టిన అట్టను సోమశేఖర్ తీసుకున్నాడు. దాన్ని ఎవరూ సరిగ్గా చూసినట్టు లేదు. అందరూ పోయినదాన్ని వెతుకుతున్నారు, మిగిలినదాన్ని కాదు. లెన్స్ తీసి పట్టాను చూశాడు. పట్టాకు ఐదు బెజ్జాలు. బకిల్‌కు దగ్గరగా ఉండే లోపలి బెజ్జం సాగి, నల్లబడింది. అక్కడ తోలు మడతపడి ఉంది. మిగతా నాలుగూ గుండ్రంగా, కొత్తగా ఉన్నాయి.

హవాలాత్ కటకటాల దగ్గరికి నడిచాడు. సీమోను గోడకానుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు వంకాయల్లా వాచాయి. సూది పట్టే వేళ్ళు! సోమశేఖర్‌కు ఒళ్ళు మండింది.

"సీమోనూ, డైరీ ఇచ్చిననాడు బకిల్ వేసిచ్చినవా?"

"లేదు సార్. అట్ట వేరే, బుక్కులు వేరే ఇచ్చిన. తోలు కొత్తది గద, ఎవరి బిగువు వాళ్ళే సూసుకోవాలె."

"మూడు బుక్కులు పెడితే బకిల్ ఏ బొక్కల పడ్తది?"

"కొసదాంట్ల. బలిమికి నాలుగోదాంట్ల. అంతకు లోపలికి పడదు సార్, బుక్కులు చినుగుతయ్."

సోమశేఖర్ అమీన్ వైపు తిరిగాడు.

"సాయంత్రం సభకు మీకు పిలుపు ఉన్నది గద? దొంగను, అట్టను తెండ్రి. అందరి ముంగట కేసు తేలుతది. చప్పట్లు మీకే."

చప్పట్లనగానే అమీన్ మీసం లేచింది. "తప్పకుంట," అన్నాడు.

బెజ్జాలను బట్టి చూస్తే పుస్తకాలతో ఆ డైరీ ప్రయాణం చేయలేదు. మరి ఆ మనిషి నాలుగు నెలలు ఎక్కడున్నాడు? గౌలిపురలో ఎవరింట్లో ఎందరున్నారో పాలు పోసేవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 12:10కి సోమశేఖర్ పాల కొమురమ్మ కొట్టం ముందు ఉన్నాడు.

"ప్రహ్లాదరావా? యాత్రకు పోయిండా? అయ్యో నా తల్లీ!" కొమురమ్మ బుగ్గలు నొక్కుకుంది. "బహదూర్‌పురల వాళ్ళక్క ఆండాలమ్మ ఇంట్ల నాలుగు నెలలు సేరు పాలు జాస్తి పోసిన. గిలాస పట్టుకొని అరుగు మీద ఆయనే కూసుంటుండె."

"ఈ ముచ్చట సభల చెప్తవా?"

"చెప్త. నాకేం ఫికర్?"

సాయంత్రం 4:15.

హాలు నిండింది. వేదిక మీద ప్రహ్లాదరావు జరీ కండువాతో, ఏడుపు ముఖంతో కూర్చున్నాడు. పక్కనే అధ్యక్షుడు, అమీన్. వేదిక కింద బేడీలతో సీమోను. సుందరమ్మ ఒక గుడ్డ మూటతో అతని పక్కన నిలబడింది.

"నా అక్షరాలు పోయినయ్," అన్నాడు ప్రహ్లాదరావు గద్గదంగా. ముందు వరుసలో ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

సోమశేఖర్ వేదికెక్కాడు.

"డైరీ రోజూ రాసేదా?"

"రోజూ. నూట ఇరవై దినాలు."

"మూడు పుస్తకాలు అండ్లనే ఉండేనా?"

"అండ్లనే. ఒక్కనాడు బయట పెట్టలే."

"బకిల్ వేసేదా?"

"వెయ్యకపోతే వానకు తడువదా? ఏం ప్రశ్నలయ్యా ఇవి!"

సోమశేఖర్ కొమురమ్మను పిలిచాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ప్రహ్లాదరావు ముక్కు చిట్లించాడు.

"బర్లు పిండేదాని మాటకు విలువేంది? నా మాట ముంగట దాని మాటనా?"

"అయితే తోలు మాట విందాం. సుందరమ్మా, నే తెమ్మన్న కొత్త బుక్కులు తెచ్చినవా?"

సుందరమ్మ మూట విప్పింది. వాటిని కుట్టేది ఆమే. మూడు పుస్తకాలు మూడు తాళ్ళ కింద దూర్చి అట్ట మూసింది. పట్టా లాగింది. లోపలి బెజ్జం బకిల్‌కు రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. ఎంత లాగినా రాలేదు. కొస బెజ్జంలో బకిల్ ముల్లు దిగింది, అదీ గట్టిగా నొక్కితేగానీ దిగలేదు.

సోమశేఖర్ దాన్ని పైకెత్తి చూపించాడు.

"చూడుండ్రి. మూడు పుస్తకాలుంటే బకిల్ ఇక్కడ పడాలె. ఈ బొక్కల ఇన్ని దినాల ముల్లు దిగనేలేదు. అరిగింది లోపలి బొక్క. ఖాళీ అట్టకు తప్ప అండ్ల బకిల్ పడదు. అంటే ఈయన నెల దినాలు ఊరంత మోసుకొని తిరిగింది ఖాళీ అట్ట. లేని పుస్తకాలను ఎవడు దొంగిలిస్తడు?"

హాలులో గుసగుసలు లేచాయి.

"పుస్తకాలు ఏం చేసినవ్?" సోమశేఖర్ ప్రహ్లాదరావు వైపు తిరిగాడు.

ప్రహ్లాదరావు కండువా కొస వేలికి చుట్టుకున్నాడు.

"చెప్పు!"

"పొద్దుగాల... నీళ్ళ పొయ్యిల పెట్టిన. కోరా పుస్తకాలే. ఒక్క ముక్క రాయలే."

ఛీ! అబద్ధం చెప్పాలన్నా కాస్త ఒళ్ళు వంచాలి. ఇంట్లో కూర్చుని పది పేజీల మంచు రాసుకున్నా సభ గడిచిపోయేది. ఈ మహానుభావుడికి అదీ బద్ధకమే. దానికి బదులు ఒకడి వేళ్ళు విరగ్గొట్టించడం సులువనిపించింది.

అమీన్ చెమట తుడుచుకుంటూ బేడీలు తీయించాడు.

ప్రహ్లాదరావు లేచి చేతులు జోడించాడు. అధ్యక్షుడికి మొక్కాడు. ముందు వరుసకు మొక్కాడు. "గలతీ అయింది సాబ్" అని అమీన్‌కు వంగి మొక్కాడు. సోమశేఖర్‌కూ మొక్కాడు. కింద నిలబడ్డ సీమోను వైపు ఆ చేతులు తిరగలేదు. తర్వాత పక్క తలుపు వైపు నడిచాడు.

"ఆగు," అంది సుందరమ్మ. "బద్రీనాథ్ దాక పోయొచ్చిన అంటివి. నా మొగని దాక నాలుగడుగులు నడువరాదా నీకు?"

ప్రహ్లాదరావు తలుపు వైపు చూశాడు. తలుపు ముందు కొమురమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

4:52కి అతను వేదిక మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"అమీన్ సాబ్," అన్నాడు సోమశేఖర్, "కొట్టింది మీరు. ఆయన ఎన్కనే మీరు కూడ నడువుండ్రి."

అమీన్ అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు ముఖం తిప్పుకున్నాడు. అమీన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని దిగాడు.

ఇద్దరూ సీమోను ముందు నిలబడి చేతులు జోడించారు. సీమోను తిరిగి దండం పెట్టలేదు. వాచిన వేళ్ళు వంగే స్థితిలో లేవు, వంగినా పెట్టేవాడు కాదు.

"సుందరీ, పోదం పా," అన్నాడు.