కాలు మొలిచింది, కడుపు పండలేదు

“ఈ హెడ్డింగ్ పెట్టిన మహానుభావుడెవరు?”

పురుగుల ల్యాబ్ నుంచి వానలోనే విసవిసా వచ్చిన ఆమె, పత్రికని బల్ల మీద విసిరికొట్టింది. ఆమె గొడుగు నీళ్లన్నీ అతని కీబోర్డు మీదే కారుతున్నాయి. పరిశోధనాసంస్థ తరఫున పత్రికలకి వార్తలు రాసిచ్చే ఉద్యోగం అతనిది. కొత్తగా చేరాడు.

“నేనేనండీ,” అన్నాడు, మెచ్చుకోవడానికి వచ్చిందనుకుని. “బావుందా?”

“‘కాలు మొలిచింది, కడుపు పండలేదు!’ ఇది బావుందా అని అడగడానికి నోరెలా వచ్చింది?”

అతని నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆమె కొన్నేళ్లుగా కీచురాళ్లని పెంచుతోంది. పిల్ల దశలో కాలు తెగిన కీచురాయి, కుబుసం విడుస్తూ విడుస్తూ కొత్త కాలు తెచ్చుకుంటుంది. అలా తెచ్చుకున్నవాటి సంతానం తగ్గుతుందా అన్నదే ఆమె పరిశోధన.

“గుడ్లు తగ్గాయని మీరే రాశారు కదండీ?”

“అరకొర తిండి తిన్నవాటికి తగ్గాయి. కడుపునిండా తిన్నవి మామూలుగానే పెట్టాయి. ఆ వాక్యాన్ని ఏ గంగలో కలిపారు?”

“చోటు... చాల్లేదండీ.”

“కాలు తెచ్చుకున్న మగవి చిక్కిపోతే ఆడవి కన్నెత్తయినా చూళ్లేదని కూడా రాశాను. దానికీ చోటు లేదా? తప్పంతా ఆడదాని కడుపు మీదకే తోసేశారు!”

ఆమె పత్రికని మళ్లీ చేతిలోకి లాక్కుంది.

“పొద్దున్నే మా పిన్ని దిగింది. ‘చూశావా అక్కా, సొంత సోకులు చూసుకుంటే పురుగులకే పిల్లల్లేరు, ఇక దీని చదువు మాన్పించు’ అని అమ్మకి నూరిపోసింది. నా కర్రతో నన్నే కొట్టించారు!”

తలుపు ధడేల్మంది.

సాయంత్రం అతనే ల్యాబ్‌కి వచ్చాడు. “చోటు మాట అబద్ధమండీ. మీ పరిశోధనాపత్రం మొదటి పేజీ ఒక్కటే చదివి రాసేశాను. ఇప్పుడు మొత్తం చదివాను. సవరణ పంపాను.”

కొత్త హెడ్డింగ్ చూపించాడు: ‘కడుపు మాడితే గుడ్లెక్కడివి?’

ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుని ఆపుకుంది. “మరి మా అమ్మకెవరు చెప్తారు?”

“నేను చెప్తాను.”

ఆదివారం నిజంగానే వాళ్లింటికి వచ్చాడు. పిన్ని కూడా అక్కడే ఉంది.

“సగం చదివి రాశానమ్మా. తప్పు నాది, మీ అమ్మాయిది కాదు,” అన్నాడు తల్లితో.

“తిండి తింటేనే పిల్లలు పుడతారని తెలుసుకోడానికి ఇన్నేళ్ల చదువా?” పిన్ని మూతి తిప్పింది.

అతని ముఖం ఎర్రబడింది. “ఆ చదువు లేకపోతే నా తప్పుడు కూతే నిజమని అందరూ నమ్మేవాళ్లండీ! మీరు నమ్మలేదా?”

తల్లి కూతురి వంక చూసింది.

“ఇంకెన్నాళ్లే నీ చదువు?”

“ఒక్క ఏడాదమ్మా.”

“కానివ్వు. ఈసారి ఏం రాసినా ముందు నాకు చదివి వినిపించు.”

గేటు దాకా సాగనంపడానికి వచ్చింది ఆమె. చినుకులు మొదలయ్యాయి. అతను కదలడే!

“ఏమిటి?”

“మీరంటే ఇష్టమండీ.”

“అన్ని తిట్లు తిన్నాక కూడానా?”

“ఆ తిట్లు విన్నాకే.”

ఆమె బుగ్గలు వెచ్చబడ్డాయి. అయినా కళ్లురిమింది. “నా కోపం ఇంకా తీరలేదు. రేపు సాయంత్రం క్యాంటీన్‌కి టీకి రండి. మిగతావి అక్కడ తిడతాను.”