మలుపు దగ్గర ఆగే చప్పుడు

పొద్దున్నే పెరట్లో గొలుసుల చప్పుడు విని అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. అదేం చప్పుడో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డులో ఇనుప దూలానికి గొలుసు కప్పీ కట్టి, పాత పికప్ బండిలోంచి ఇంజను పైకి లాగుతున్నారు. లాగేదెవరయ్యా అంటే, కడుపున పుట్టిన కూతురూ, తోడబుట్టిన తమ్ముడూను. ఇంక ఎవరితో చెప్పుకుంటుంది?

"నిదానంగా లాగవే బుల్లీ! అది ఇంజను, బావిలో చేద కాదు!" అని మేనమామ కేకలేస్తున్నాడు.

"నువ్వు కాస్త పక్కకి జరుగు మామయ్యా, నీ బొజ్జే అడ్డమొస్తోంది."

ఇద్దరూ పకపకా నవ్వుకుంటున్నారు. నవ్వరూ మరి, పోయేది వాళ్ళ సొమ్మా! అమ్మ వసారాలోకి వచ్చి పేము కుర్చీలో కూలబడింది.

ఆ బండి ఆయనది. బేకరీ నుంచి కొట్లన్నిటికీ రొట్టెలు వేసేవాడు. తెల్లవారకుండా వెళ్ళి మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక తిరిగొచ్చేవాడు. ఆయన పోయాక అదే బండిలో కూతురు నర్సరీ నుంచి మొక్కలు చేరవేస్తోంది. అమ్మకి ఈమధ్య చూపు బాగా మసకబారింది. బండి రావడం చెవులతోనే తెలుసుకుంటుంది. రోజూ ఆ కుర్చీలోనే చిన్న కునుకు పడుతుంది, ఆ కునుకులోకి బండి వస్తుంది. ఆ మగతలో వచ్చింది కూతురో, ఆయనో తేడా తెలీదు. తెలుసుకోవాలని ఆవిడకీ ఉండదు. ఆ కాసేపూ ఆయన బతికే ఉంటాడు. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చిదనుకోరూ?

మొన్నామధ్య నీళ్ళు మరిగిపోయి ఇంజను నిలువునా పగిలింది. అతికే రకం కాదని మేనమామ తేల్చేశాడు. ఎన్నో ఏళ్ళు లేత్ మిషను మీద పనిచేసినవాడు, ఇనుము విషయంలో అబద్ధమాడడు. ఎక్కడో తుక్కులో పడున్న వ్యానుది డీజిల్ ఇంజను ఒకటి పట్టుకొచ్చాడు.

"బండి లేకపోతే నర్సరీ వాళ్ళు ఇంకొకళ్ళని చూసుకుంటారమ్మా," అంది కూతురు.

"చూసుకోనీ. ఆ ఇంజను తీశావంటే నేనా బండి మొహం చూడను. మీ నాన్న గొంతు పీకేస్తానంటే ఊరుకోమంటావా?"

"గొంతేంటమ్మా! ఇంజను అది!"

మాటా మాటా పెరిగింది. ఆనాటి నుంచి తల్లీ కూతుళ్ళకి మాటల్లేవు. మధ్యలో మేనమామ నలిగిపోయాడు.

"మామయ్యా, అమ్మని మాత్ర వేసుకోమను."

"అక్కా, మాత్రట."

"వేసుకున్నానని చెప్పరా."

"వేసుకుందిట. నేనేమన్నా మీ ఇంటి టెలిఫోన్నా?"

షెడ్డులో పని మాత్రం సాగిపోతూనే ఉంది. కొత్త ఇంజనుకీ పాత గేరుపెట్టెకీ పొత్తు కుదరకపోతే, మధ్యలో వేయడానికి మేనమామ లేత్ మీద ఓ ఇనుప పళ్ళెం చేయించాడు. డీజిల్ ఇంజను బరువుకి బండి ముక్కు వంచుతుందని ముందువైపు స్ప్రింగులు మార్చారు. పెట్రోలు ట్యాంకు దింపి శుభ్రంగా కడిగారు. అమ్మ ఏమీ పట్టనట్టే కూర్చుని అన్నీ వింది.

"ఇదిగో, బాగా గుర్తుపెట్టుకో. ఇది తాళం తిప్పితే ఆగే రకం కాదు. ఈ నల్ల పిడి లాగాలి. లాగితేగానీ నోరు మూయదు."

"మీ అక్క లాంటిదన్నమాట."

"ష్! వింటుంది!"

వింది. నవ్వు రాబోయింది కూడా. కానీ ఎలా నవ్వుతుంది?

ఆ మధ్యాహ్నం బండి మొదటిసారి బయటికెళ్ళింది. అమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుంది. గాలి మెల్లగా వీస్తోంది, ఎక్కడో ఎవరో బట్టలు దులుపుతున్నారు. కునుకు పట్టీ పట్టకుండా ఉంది. వద్దు వద్దనుకుంటూనే చెవులు వీధి చివరికి వెళ్ళిపోయాయి. పై మలుపు దగ్గర్నుంచి దడదడమంటూ ఏదో బయల్దేరింది. వాలు దిగింది, గేటు దాటింది, కంకర తొక్కుకుంటూ గుమ్మం దాకా వచ్చేసింది. కిటికీ అద్దాలు గజగజలాడాయి. అప్పుడుగానీ ఆగలేదు.

"ఎవరో వచ్చారు. ఎవరు కావాలో అడగరా," అంది అమ్మ తమ్ముడితో.

కూతురు బండి దిగి విసురుగా వచ్చింది. "ఎవరో ఏంటమ్మా? నేను!"

"మా ఇంటి బండి అలా రాదు. నాకు మిగిలింది ఆ ఒక్క చప్పుడేనే. అదీ లేకుండా చేశావు. ఇప్పుడు మీ నాన్న నిజంగా పోయాడు."

"నీకొక్కదానికేనా పోయాడు? నాకు పోలేదూ?" అంది కూతురు. "ఆ బండి తుక్కులోకి పోకూడదనే కదమ్మా ఈ తంటా అంతా! ఇవాళ కూడా మలుపు దగ్గర నాన్న ఆపినట్టే ఆపబోయాను. చెయ్యి అలవాటుగా తాళం మీదికి పోయింది. పిడి లాగాలని గుర్తు రాలేదు. కంగారులో గుమ్మం దాకా వచ్చేశాను."

అమ్మ తలెత్తింది. "మలుపు దగ్గర నువ్వెందుకు ఆపడం?"

"నాన్న ఎప్పుడూ అక్కడే ఇంజను ఆపేసేవాడు కదా? వాలులో చప్పుడు లేకుండా దిగేవాడు. నేనూ అంతే."

"అది నీకోసమే. చంటిపిల్లవి, లేస్తే ఏడుస్తావని."

"నాకోసమా? నేను మధ్యాహ్నం ఎప్పుడు పడుకున్నానమ్మా! సెలవులకి నేనూ బండిలో వెళ్ళేదాన్నిగా, ఒకసారి అడిగాను. 'అమ్మ నడుం వాల్చి ఉంటుందే బుల్లీ, రోజంతా ఒకటే చాకిరీ, లేపకూడదు' అన్నాడు. తలుపు కూడా చప్పుడవకుండా అరచేత్తో నొక్కి వేసేవాడు."

పడుకోవడమా? ఒక్కనాడైనా పడుకుందా తను? పిల్ల పక్కన కళ్ళు మూసుకుని, ఆయన అడుగులు గుమ్మం ఎక్కేదాకా ఊపిరి బిగబట్టి వినేది. ఆయన వచ్చి చూస్తాడని నిద్ర నటించేది. దుప్పటి సర్దుతాడని. ఆ ముచ్చట కోసమే. ఆయనకేమో ఆఖరిదాకా చెప్పనేలేదు. ఎంత పిచ్చిది!

మేనమామ ముక్కు చీదుకుంటూ, "షెడ్డులో అంతా దుమ్మే," అని అటు తిరిగిపోయాడు.

"బుల్లీ," అంది అమ్మ. ఇన్నాళ్ళకి నేరుగా పిలిచింది. "మళ్ళీ ఒకసారి వెళ్ళి రామ్మా."

బండి దడదడమంటూ వెళ్ళింది. అమ్మ కళ్ళు మూసుకుంది. మలుపు అవతల అదే దడదడ, పరాయి గొంతు. ఉన్నట్టుండి ఆగిపోయింది.

వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒకటొకటే వచ్చాయి. వాలు మీద చక్రాల సర్రుమనే చప్పుడు. వెనక తలుపు గొలుసు గలగల, ఆయన ఎన్నిసార్లు బిగించినా మళ్ళీ వదులయ్యేది. గేటు దగ్గర కంకర నలిగింది. చేతి బ్రేకు కిర్రుమంది. తలుపుని ఎవరో అరచేత్తో మెల్లిగా నొక్కారు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ విన్నది ఇంజనుని కానేకాదు.

అడుగులు గుమ్మమెక్కి కుర్చీ పక్కన ఆగాయి. అమ్మ చెంపల మీదుగా కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఈసారి నిద్ర నటించలేదు. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, నూనె మరకల వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

"మెలకువగానే ఉన్నానండీ," అంది. "రోజూ మెలకువగానే ఉన్నాను."