గడువు తీరిన వాచ్‌మన్

"గడ్డం కాస్త దించు. నవ్వకు," అంది ఛాయాదేవి.

రాఘవేందర్‌కి నవ్వే ఉద్దేశం ఎలాగూ లేదు. పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్కన, రెండో అంతస్తులో పాస్‌పోర్ట్ ఫోటోల స్టూడియో అది. బయటి బోర్డు అంతవరకే చెబుతుంది. నీలం తెర ముందు స్టూలు మీద కూర్చున్నవాడు పన్నెండేళ్ళుగా మారుపేర్లతో బతుకుతున్న సీక్రెట్ ఏజెంట్ అనీ, కెమెరా వెనకున్నావిడ అతని చీఫ్ అనీ చెప్పదు. తలుపు తోసుకుని ఎవరైనా వస్తే ఫోటో, రాకపోతే బ్రీఫింగ్.

ఫ్లాష్ వెలిగింది.

"మిషన్ ఏంది మేడమ్?"

"ఒక ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ కొనాలి. యాంటీస్పైవేర్, ఫైర్‌వాల్ కూడా. సాయంత్రం అయిదు లోపల."

రాఘవేందర్‌కి ఒళ్ళు మండింది. మూడు సరిహద్దులు దాటినవాడు. ఒకసారి శవంలా నటించి విమానం ఎక్కినవాడు. ఇంతటివాడిని పట్టుకుని బజారుకి పంపుతారా?

"గిది మెకానిక్‌తోని అయ్యే పని గద మేడమ్."

"కంప్యూటర్ అచ్యుతరావు గారిది."

రాఘవేందర్ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

లోకం దృష్టిలో అచ్యుతరావు శ్రీనగర్ కాలనీలో ఉండే రిటైర్డ్ లెక్కల లెక్చరర్, తపాలా బిళ్ళలు సేకరించే పెద్దమనిషి. డిపార్ట్‌మెంట్ దృష్టిలో మాత్రం ఒక విదేశీ రేవుపట్టణంలో ఉన్న మన మనిషికీ మనకూ మధ్య ఉన్న ఒకే ఒక్క దారం. ఇంటి కంప్యూటర్‌ని ఎవడనుమానిస్తాడు అన్నది పైవాళ్ళ ఆలోచన. ఏడేళ్ళు బాగానే నడిచింది.

ఆ దారానికి అవతలి కొసన ఉన్నవాడు తారక్. ఒకప్పుడు కృష్ణానగర్‌లో సినిమాల జూనియర్ ఆర్టిస్టు. గుంపులో నడిచే వేషాలు వేసుకుంటూ, టీ కొట్టు దగ్గర ఎవరి నడక వాళ్ళలాగే నడిచి చూపిస్తుంటే, చూసి తీసుకొచ్చింది రాఘవేందరే. 'ఒక్క ఏడాది వేషం తమ్మీ. ఏడాది కాంగనే నేనే తోల్కొస్త' అని మాటిచ్చాడు. ఆ ఏడాదికి ఇప్పుడు ఏడేళ్ళు.

"ఇవాళ తారక్‌ని బయటికి తెస్తున్నాం," అంది ఛాయాదేవి. "సరిగ్గా అయిదింటికి అతని మెయిల్ వస్తుంది. ఏ ఇంటికి వెళ్ళి దాక్కోవాలో అచ్యుతరావు గారు అడ్రస్ పంపుతారు. అయిదు నిమిషాలు చూస్తాడు. జవాబు రాకపోతే రూల్ తెలుసుగా."

తెలుసు. ఫోన్ పారేసి, పేరు మార్చుకుని, ఆ ఊళ్ళో కలిసిపోవాలి. ఇక ఆ మనిషి శత్రువులకే కాదు, మనకీ దొరకడు.

"ఆ కంప్యూటర్‌లో ఏదో దూరింది. తారక్ పంపిన ఆఖరి రెండు మెయిళ్ళూ మనకంటే ముందు శత్రువులు చదివారు. ఈ అడ్రస్ కూడా చదివారంటే తారక్ వెళ్ళేసరికి వాళ్ళు ఆ ఇంట్లో కూర్చుని ఉంటారు. లైన్ మార్చడానికి టైమ్ లేదు, అతనికి తెలిసింది ఇదొక్కటే."

"మన టెక్నికల్ వాళ్ళు..."

"మనవాళ్ళలోనే ఒకరు అమ్ముడుపోయారు. ఎవరో తెలీదు. అందుకే నువ్వు. మామూలు మనిషిలా వెళ్ళు. తెలియని షాపులో, సీల్ ఉన్న డబ్బా కొను. తెలిసినవాళ్ళ జోలికి పోకు. ఇది ఆర్డర్."

అమీర్‌పేటలో శనివారం మధ్యాహ్నం రెండింటికి నడవడం కంటే సరిహద్దు దాటడం సులువు. ఒక్క కరపత్రం కూడా అందుకోకుండా వంద అడుగులు నడిచినవాడు ఆ రోడ్డులో ఇంతవరకు లేడు. రాఘవేందర్ చేతిలో తొమ్మిది పడ్డాయి. తొమ్మిదింటిలోనూ కంప్యూటర్ కోర్సులకి సోమవారం కొత్త బ్యాచే.

ఎన్నడూ ఎక్కని మెట్లెక్కి ఒక కంప్యూటర్ షాపులో దూరాడు. కౌంటర్ వెనక హనుమాండ్లు అనే షాపతను సమోసా తింటున్నాడు.

"అన్నా, ఇంట్ల కంప్యూటర్‌కి మంచిది కావాలె."

"ఏం మంచిది? ఆంటీవైరసా, ఆంటీస్పైవేరా, ఫైర్‌వాలా?"

"ఫరకేంది?"

హనుమాండ్లు చెయ్యి తుడుచుకున్నాడు. "జర ఇను. లోపలికొచ్చి సామాను పలగ్గొట్టేటోన్ని పట్టేది ఆంటీవైరస్. సప్పుడు చెయ్యకుంట ఇంట్లనే ఉండి, నీ ముచ్చట్లు బయట చెప్పేటోన్ని పట్టేది ఆంటీస్పైవేర్. గేటు కాడ నిలబడి వచ్చెటోన్ని పొయ్యెటోన్ని అడిగేటోడు ఫైర్‌వాల్. మూడు సుత ఒక్క డబ్బాల దొరుకుతయి. కానీ అన్నా, పాతది తీసినంకనే కొత్తది ఎయ్యాలె. ఒక్క ఇంటికి ఇద్దరు వాచ్‌మన్లు ఉంటే ఒకన్ని జూసి ఒకడు దొంగ అనుకుంటడు. ఇల్లు ఆగమైతది."

మూడు డబ్బాలు కౌంటర్ మీద పెట్టాడు. మూడింటి మీదా ప్రపంచంలో నంబర్ వన్ అనే రాసి ఉంది.

"గిండ్ల ఏది బెస్ట్?"

"అన్నీ అమ్ముడువోతయి అన్నా."

రాఘవేందర్ ఆ మూడు డబ్బాల ముందు చాలాసేపు నిలబడిపోయాడు. తుపాకీ అయితే చేతిలో పట్టుకుని చెప్పగలడు. ఈ అట్టపెట్టెల్లో ఒకటి తారక్ ప్రాణం. ఏదో తెలియదు. భయం వేసింది. చచ్చేంత భయం వేసింది.

భయం వేసినప్పుడు హైదరాబాదులో ఎవడైనా చేసే పనే అతనూ చేశాడు. ఫ్రిజ్ కొనాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా ఈ ఊరి మనిషి మొదట అడిగేది 'తెలిసినోళ్ళు ఉన్నరా' అని. చీఫ్ ఆర్డర్ ఒకవైపు, పుట్టి పెరిగిన అలవాటు ఒకవైపు. హనుమాండ్లు చూస్తుండగానే అలవాటు గెలిచింది.

తెలిసినావిడ నవీన. రెండు సందుల అవతల ఎథికల్ హ్యాకింగ్ నేర్పే ట్రైనర్, మూడేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి కబుర్లు చేరవేసే మనిషి. నల్ల బ్లేజర్, జుట్టులోకి తోసిన కూలింగ్ గ్లాసులు, కాటుక కళ్ళు. అమీర్‌పేట ఫ్లెక్సీల మీది ఫోటోల కంటే మనిషి బాగుండేది ఈవిడొక్కతే. వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ మెట్ల కిందే ఎదురొచ్చింది.

"ఈ కోర్సుకి ప్లేస్‌మెంట్ గ్యారంటీ ఉన్నదా?" అన్నాడు రాఘవేందర్. అది కోడ్.

"గ్యారంటీ బోర్డు మీద. లోపల మీ కష్టమే," అంది నవీన. అదీ కోడే. "చెప్పు అన్నా."

"ఒక ఇంటి కంప్యూటర్ ఉంది. పెద్దాయనది. మూడూ కావాలె, మంచిది." అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. వృత్తి ధర్మం అక్కడ నిలబెట్టుకున్నాడు పాపం.

నవీన బ్లేజర్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "షాపులయన్నీ ఉత్తయే అన్నా. గిది నా క్లాసుల వాడేది. పాతయి మొత్తం తీసేసినంకనే ఎయ్యి. అది మర్వకు." నవ్వింది. ఆ నవ్వు చూసి అతను సగం నమ్మాడు. మిగతా సగం ముందునుంచే నమ్మి ఉన్నాడు.

నాలుగు దాటాక, వాటర్ ఫిల్టర్ కంపెనీ టోపీ పెట్టుకుని, భుజాన సంచీతో శ్రీనగర్ కాలనీలో బెల్ కొట్టాడు. తలుపు తీసింది అచ్యుతరావు భార్య కమలకుమారి.

"ఫిల్టర్ మార్చి ఎన్ని రోజులైందమ్మా?"

"మావారిని అడగాలి," అని కోడ్ ప్రకారమే చెప్పి, "ఎలాగూ వచ్చావు కదా బాబూ, నిజంగానే నీళ్ళు సన్నగా వస్తున్నాయి, కాస్త చూడు," అంది.

ఆ ఇంట్లో ఏదీ పారేసిన ఆనవాలు లేదు. అటక మీద రేడియో డబ్బా, మిక్సీ డబ్బా, ఎప్పుడో పోయిన టీవీ డబ్బా. అచ్యుతరావు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. రాఘవేందర్ స్క్రీన్ మూల చూసి ఉలిక్కిపడ్డాడు.

"నాలుగు యాంటీవైరస్‌లా సార్?"

"ఒకటి ఎగ్జిబిషన్‌లో కొన్నది. ఒకటి ప్రింటర్‌తో ఊరికే వచ్చింది. ఒకటి మా తోడల్లుడు వేశాడు. ఈ చివరిది అప్పట్లో ఒక పత్రికతో ఇచ్చిన సీడీలోది. గడువు తీరి పదేళ్ళు దాటింది."

"తీసెయ్యాలె సార్."

"ఎందుకు బాబూ? అన్నం అడుగుతున్నాయా? ఓ మూల పడి ఉంటాయి. రేపు తోడల్లుడొచ్చి నాదేదండీ అంటే ఏం చెప్పను?"

రాఘవేందర్ మౌస్ లాక్కుని ఒకటి తీయబోయాడు. నిజంగా తీయాలా అని అడిగింది. తీయమన్నాడు. రీస్టార్ట్ చేయాలంది. రీస్టార్ట్‌కి పావుగంట పడుతుందన్నాడు అచ్యుతరావు. అప్పటికి టైమ్ నాలుగూ నలభై ఆరు. వదిలేసి, ఆ నాలుగింటి మీదే నవీన ఇచ్చినది ఎక్కించాడు.

అంతలో స్క్రీన్ మధ్యలో ఒక చిన్న పెట్టె లేచింది. 'మీ రక్షణ గడువు ముగిసింది.' దాని కింద ఒకటే బటన్. 'తర్వాత గుర్తు చెయ్యి.' అచ్యుతరావు ఈగను తోలినట్టు దాన్ని నొక్కాడు.

"పావుగంటకోసారి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస," అన్నాడు.

అయిదు కొట్టింది. మెయిల్ వచ్చింది. 'బిళ్ళలు సిద్ధం. ఎక్కడికి పంపమంటారు?'

తారక్. బతికే ఉన్నాడు. రాఘవేందర్‌కి తెలియకుండానే చెయ్యి స్క్రీన్ మీదికి వెళ్ళింది. అచ్యుతరావు అడ్రస్ టైప్ చేసి సెండ్ నొక్కాడు. పచ్చగీత కదిలింది. పన్నెండు శాతం దగ్గర ఆగింది.

ఆగిందంటే ఆగిందే. అయిదుగురు వాచ్‌మన్లు ఒకరి కాలర్ ఒకరు పట్టుకున్నారు. ఫ్యాన్ రొద తప్ప కంప్యూటర్‌లో ఉలుకూ పలుకూ లేదు. అయిదూ ఒకటి. కమలకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "వెళ్ళు తండ్రీ, వెళ్ళు," అంటోంది. రాఘవేందర్ బల్ల మీద పిడికిలితో కొట్టాడు. అతని ఫోన్ మోగింది. నవీన.

"ఏందన్నా, తారక్‌కి అడ్రస్ పోతలేదా? పాతయి తీసెయ్యమన్న గద."

అతను ఆమెకి చెప్పింది ఒక పెద్దాయన కంప్యూటర్ అని మాత్రమే. తారక్ పేరు చెప్పలేదు. అడ్రస్ మాటే ఎత్తలేదు.

నోరు జారానని నవీనకీ అర్థమైంది.

"సరే. నేనే తీస్త," అంది చల్లగా. ఫోన్ పెట్టేసింది.

చేతులారా చేశాడు. చీఫ్ వద్దన్నా వినకుండా, దొంగను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. స్క్రీన్ మూల ఎగ్జిబిషన్‌ది ఆరిపోయింది. ప్రింటర్‌ది ఆరిపోయింది. తోడల్లుడిదీ ఆరిపోయింది. గీత మళ్ళీ కదిలింది. నలభై. డెబ్భై. గీత పక్కన అక్షరాలు ఇప్పుడు కనిపించాయి. ఈ కదిలే గీత ముందు ఎవరికో పోయే కాపీది, తారక్‌కి ఆ తర్వాతే. తొంభై ఎనిమిది.

టక్కున స్క్రీన్ మధ్యలో పెట్టె లేచింది. 'మీ రక్షణ గడువు ముగిసింది.'

అన్నీ ఆగిపోయాయి. పత్రిక సీడీలోంచి వచ్చిన ఆ ముసలి పెట్టె, బటన్ నొక్కేదాకా దారి ఇవ్వదు. అయిదూ రెండు. ఎవరూ ముట్టుకోకుండానే మౌస్ బాణం కదలడం మొదలైంది. అమీర్‌పేట నుంచి నవీన చెయ్యి అది. టైప్ చేసిన మెయిల్ ఎప్పుడో మూసుకుపోయింది, ఇక కాపీ అందితేనే ఆమెకి అడ్రస్. మెల్లగా, ఆగి ఆగి, బటన్ వైపు పాకుతోంది.

రాఘవేందర్ బల్ల కిందికి దూరాడు. ఇంటర్నెట్ వైర్ ఊడి రాలేదు. మళ్ళీ మళ్ళీ ఊడుతోందని అచ్యుతరావు రెండు కొసలా గట్టిపడే ఎంసీల్ ముద్ద పెట్టేశాడు. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను ఉంది. మూత తీస్తే కత్తెర. తొమ్మిదేళ్ళుగా దానితో సంతకాలే పెట్టాడు.

అచ్యుతరావు వంగి అతని చెయ్యి పట్టుకున్నాడు. "కోస్తే ఆ అబ్బాయికి జవాబు వెళ్ళదు బాబూ. ఇక ఎప్పటికీ దొరకడు."

"కొయ్యకుంటే ఆ పిలగాడే ఉండడు సార్."

ఆయన చెయ్యి వదిలేశాడు. రాఘవేందర్ కోశాడు.

లేచి చూస్తే బాణం బటన్‌కి వేలెడు దూరంలో నిలబడిపోయి ఉంది. గీత తొంభై ఎనిమిది దగ్గరే. వాళ్ళకి అడ్రస్ వెళ్ళలేదు. తారక్‌కీ వెళ్ళలేదు.

అయిదూ అయిదు దాకా ముగ్గురూ గోడ గడియారం చూస్తూ నిలబడ్డారు. ఆ మెయిల్ ఆ కంప్యూటర్‌లో తప్ప తెరుచుకోదు, ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. ఆ నిమిషం కూడా అయిపోయింది. ఎక్కడో ఒక రేవులో, ఒక జూనియర్ ఆర్టిస్టు ఫోన్ నీళ్ళలోకి విసిరి, ఇంకెవరి నడకో నడుస్తూ గుంపులో కలిసిపోయి ఉంటాడు. ప్రాణం దక్కింది. ఊరు దక్కలేదు. మరిచిపోయారని అనుకుంటాడు. కాదని చెప్పే దారి ఇక లేదు.

"ఆ అబ్బాయికి ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అంది కమలకుమారి.

"నేనున్నమ్మా," అన్నాడు రాఘవేందర్. కళ్ళు తుడుచుకోలేదు.

ఛాయాదేవికి ఫోన్ చేసి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. అరగంటకి ఆవిడే తిరిగి చేసింది. నవీన దొరకలేదు. డెమో క్లాసు కోసం నలభై మంది మెట్ల మీద కూర్చుని ఉన్నారట.

"రిపోర్ట్‌లో రాయాలి. చివరికి ఏది పనిచేసింది?"

"ఆ గడువు తీరిందే మేడమ్."

ఆవిడ దాన్ని రాసుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత లైన్ కట్టయింది.

స్క్రీన్ మీద ఆ పెట్టె ఇంకా అలాగే ఉంది. రాఘవేందర్ కుర్చీలో కూలబడి, మౌస్ పట్టుకుని, 'తర్వాత గుర్తు చెయ్యి' నొక్కాడు.

సరిగ్గా పావుగంటకి గుర్తు చేసింది.